పల్లం ఎటు? పాత బెజవాడ టోపోషీటు మీద పాఠకుల ప్రశ్నలు

గత సంచికలో 1950ల నాటి విజయవాడ టోపోషీట్ల (నేల ఎత్తుపల్లాలు, కాలువలు, రోడ్లు, ఊళ్లు చూపే సర్వే పటాల) గురించి రాశాం. దాని మీద వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువమందికి పనికొచ్చే ప్రశ్నలు ఏరి జవాబులిస్తున్నాం. రాసినవారి పేర్లు వదిలేసి ఊరి పేర్లు మాత్రమే ఉంచాం.

విజయవాడ మొత్తం ఒకే షీటులో వస్తుందా? ఏ నంబరు అడగాలి? ఎక్కడ దొరుకుతుంది?
— గవర్నరుపేట, విజయవాడ

ఆ కాలపు పటాలు రెండు రకాలు దొరుకుతాయి. ఒకటి సర్వే ఆఫ్ ఇండియా వారి అంగుళం షీటు. నేల మీద మైలు దూరం కాగితం మీద అంగుళం, అంటే 1:63,360. రెండోది అమెరికా సైన్యపు మ్యాప్ సర్వీసు 1950ల్లో కూర్చిన యూ502 శ్రేణి, స్కేలు 1:2,50,000. చెరువు, లాకు, బాట విడివిడిగా చూడాలంటే అంగుళం షీటే కావాలి. డెల్టా మొత్తం రూపు ఒక్కచూపులో కనబడాలంటే యూ502 మేలు. 1,223 మీటర్ల పొడవున్న ప్రకాశం బ్యారేజీ అంగుళం స్కేలులో 19 మిల్లీమీటర్లు వస్తుంది. యూ502 స్కేలులో 5 మిల్లీమీటర్లు కూడా నిండదు.

అంగుళం షీట్లలో విజయవాడ నంబరు 65డి/10. అది 80°30′ నుంచి 80°45′ తూర్పు రేఖాంశాల మధ్య, 16°30′ నుంచి 16°45′ ఉత్తర అక్షాంశాల మధ్య ఉంటుంది. అదొక్కటే తెచ్చుకుంటే చాలదు. 16°30′ రేఖ బ్యారేజీని ఆనుకునే పోతుంది, అక్కడితో షీటు అయిపోతుంది. కొండలు, పాతబస్తీ, బుడమేరు 65డి/10లో పడతాయి. పటమట దక్షిణపు కొస, తాడేపల్లి, పశ్చిమ డెల్టా ప్రధాన కాలువ, దుగ్గిరాల లాకులు 65డి/11లోకి పోతాయి. కాలువల సంగతి చూసేవాళ్లకి రెండూ కావాలి. తెనాలి వాళ్ల పరిస్థితీ ఇదే. ఊరు 16°15′ రేఖ పక్కనే ఉండడంతో 65డి/12 పై అంచునీ 65డి/11 కింది అంచునీ కలిపి చూడాలి. గుంటూరు 65డి/7.

యూ502లో విజయవాడ, గుంటూరు, తెనాలి మూడూ ఎన్ఈ 44-14లో ఉంటాయి. ఏలూరు, కొల్లేరు, బందరు పక్క షీటు ఎన్ఈ 44-15లో. బాపట్ల వైపు తీరం కింది షీటు ఎన్‌డీ 44-2లో.

యూ502 షీట్లను టెక్సాస్ విశ్వవిద్యాలయం గ్రంథాలయం స్కాన్ చేసి ఆన్‌లైన్‌లో ఉచితంగా ఉంచింది. పాత అంగుళం షీట్ల కోసం విశ్వవిద్యాలయాల భూగోళ, భూగర్భ శాస్త్ర శాఖల్లో అడగండి. ఇవాళ్టి 1:50,000 షీట్లు సర్వే ఆఫ్ ఇండియా పోర్టల్‌లో పీడీఎఫ్‌లుగా దొరుకుతాయి. అక్కడ 65డి/10 పేరు ఈ44యూ10. అవే 15 నిమిషాల గళ్లు కాబట్టి పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టి చూడొచ్చు.

నా దగ్గరున్న షీటు మీద ముద్రణ సంవత్సరం 1950ల చివరిది. అందులో ప్రకాశం బ్యారేజీ లేదు, పాత ఆనకట్టే ఉంది. షీటు తప్పా?
— ఉయ్యూరు

తప్పు కాదు. ముద్రించిన సంవత్సరం వేరు, నేల మీద తిరిగి సర్వే చేసిన సంవత్సరం వేరు. పాత సర్వేనే రోడ్లూ పేర్లూ కాస్త సవరించి మళ్లీ అచ్చువేయడం అప్పట్లో మామూలు. అంచులో ఉన్న చిన్న అక్షరాలన్నీ ఓపిగ్గా చదవండి. సర్వే కాలం, సవరణ, ముద్రణ విడివిడిగా రాసి ఉంటాయి. అయస్కాంత ఉత్తరం తేడా ఏ సంవత్సరానిదో కూడా ఇస్తారు. యూ502 షీట్ల అడుగున, ఏ సంవత్సరపు ఏ పటాల నుంచి కూర్చారో చెప్పే వాక్యం, ఏ ముక్క ఎంత నమ్మదగిందో చూపే చిన్న బొమ్మ ఉంటాయి. మేమైతే షీటు తెరవగానే ముందు చూసేది ఆ బొమ్మనే.

అంచు చిరిగిపోయి ఉంటే లోపలి ఆనవాళ్లతో కాలం కట్టొచ్చు. 1852-55 మధ్య కట్టిన ఆనకట్టకు 1952లో గండి పడింది. బ్యారేజీ పని 1954లో మొదలై 1957 డిసెంబరులో పూర్తయింది. నది మీద రోడ్డుతో కూడిన బ్యారేజీ ఉంటే ఆ సమాచారం 1957 తర్వాతది. రాష్ట్రం పేరు మద్రాసు అని ఉంటే 1953 అక్టోబరు 1కి ముందుది. ఉత్తి ‘ఆంధ్ర’ అని ఉంటే 1953-56 మధ్యది. జగ్గయ్యపేట పక్కన హైదరాబాదు రాష్ట్రపు సరిహద్దు కనిపిస్తే 1956 నవంబరు 1కి ముందుది. పై షీటు ఎన్ఈ 44-10లో మునగాల పరగణా చూడండి. చుట్టూ హైదరాబాదు రాష్ట్రం, నడుమ మద్రాసు వారి కృష్ణా జిల్లా ముక్క. అది నల్గొండలో కలిసింది 1959లో.

పేర్లను మాత్రం గట్టి ఆధారంగా తీసుకోవద్దు. బెజవాడ, ఎల్లూరు, మసులీపట్నం లాంటి పాత రూపాలు కొత్త ముద్రణల్లోనూ కొన్నాళ్లు కొనసాగాయి. కట్టడాలు, సరిహద్దులు ఇచ్చే సాక్ష్యమే ఎక్కువ నమ్మదగ్గది. అందులోనూ ఒక మెలిక ఉంది. కొత్త సరిహద్దు గీత దిద్ది, నేల మీది వివరం పాతదే వదిలేసిన షీట్లు ఉంటాయి. అందుకే ఒక్క ఆనవాలుతో తీర్పు చెప్పకండి. కనీసం మూడు చూసి, అవి ఒకదానితో ఒకటి పొసుగుతున్నాయో లేదో గమనించండి.

మా కాలనీ 2024 సెప్టెంబరులో బుడమేరు వరదలో మునిగింది. పాత షీటు తెచ్చుకున్నాను గానీ కొండల దగ్గర తప్ప ఎక్కడా కాంటూరు గీతలు లేవు. మా స్థలం పల్లమో మెరకో ఇందులో తెలుస్తుందా?
— పాయకాపురం, విజయవాడ. ఇలాంటిదే సింగ్ నగర్, గుడివాడ నుంచి కూడా.

తెలుస్తుంది. అయితే కాంటూరు గీతల్లో (ఒకే ఎత్తున్న చోట్లను కలిపే గీతల్లో) వెతక్కండి. అంగుళం షీట్లలో కాంటూరు 50 అడుగులకు ఒకటి. బ్యారేజీ నిండుమట్టం 57.05 అడుగులు. అక్కణ్నుంచి బందరు వైపు సముద్రం సుమారు 70 కిలోమీటర్లు. కిలోమీటరుకి అడుగు వాలు కూడా లేదు. ఇంత దూరంలో 50 అడుగుల గీత ఒకటి పడుతుంది, అంతే. ఇంద్రకీలాద్రి, గుణదల, మొగల్రాజపురం కొండల మీద గీతలు ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ ఉంటాయి. కొండ దిగగానే ఖాళీ.

ఈ ఖాళీలో వాలు చెప్పేవి కాలువలే. పంట కాలువ నీళ్లు రెండు వైపులా పొలాల్లోకి పారాలి కాబట్టి దాన్ని మెరక వెంబడి తవ్వుతారు. మురుగు కాలువ పొలాల్లో మిగిలిన నీళ్లను లాక్కుపోవాలి కాబట్టి అది పల్లం వెంబడి పోతుంది. రెండు పంట కాలువల నడుమ ఒక మురుగు ఉంటే, ఆ మూడు గీతలే మీకు మెరక, పల్లం, మెరక అని చెబుతున్నాయి. డెల్టా షీటును చదవడమంటే ముఖ్యంగా ఇదే. కాంటూర్లు లేవని పక్కన పెట్టేసేవాళ్లు పటంలో ఉన్న అసలు సమాచారాన్ని వదులుకుంటున్నారు.

నీలం గీతల్లో ఏది పంట కాలువ, ఏది మురుగు? పేరు రాసి ఉంటే సరే. లేకపోతే కొమ్మలు చూడండి. కిందికి పోయేకొద్దీ పంట కాలువ చీలుతుంది, మురుగు కలుస్తుంది. బ్యారేజీ ఎడమగట్టు తలుపుల నుంచి బయల్దేరిన నీళ్లు ఏలూరు కాలువ, రైవస్ కాలువ, బందరు కాలువగా విడిపోయి, మళ్లీ చిన్న కాలువలుగా, చివరికి బోదెలుగా చీలుతూ పోతాయి. మురుగుల్లో పిల్లకాలువలు ఒక్కొక్కటే వచ్చి కలిసి పెద్దవవుతాయి. ఇంకో గుర్తు: పంట కాలువ చాలా దూరం తిన్నగా, గట్టు గుర్తులతో పోతుంది. బుడమేరులాంటి సహజమైన ఏరు మెలికలు తిరుగుతుంది.

చేయాల్సిన పని ఇదీ. షీటు స్కాను తీసి, పెద్దది చేసి రెండు ప్రింట్లు తీసుకోండి. అసలు కాగితం మీద ఏమీ గీయొద్దు. మొదటి ప్రింటు మీద పంట కాలువలన్నీ నీలి పెన్సిలుతో, మురుగులూ ఏళ్లూ ఎర్ర పెన్సిలుతో దిద్దండి. తర్వాత రైలు కట్టలు, రోడ్డు కట్టలు, కాలువ గట్లు నల్లగా దిద్దండి. ఎర్ర గీత నల్ల గీతనో నీలి గీతనో దాటే ప్రతి చోటా చిన్న సున్నా చుట్టండి. వరదలో నీళ్లు ఆగేది ఆ సున్నాల ఎగువనే. ఎనికేపాడు దగ్గర బుడమేరు ఒక పంట కాలువ కిందుగా అండర్ టన్నెల్లో దాటుతుంది. అలాంటి చోట తూము పట్టగలిగిందాని కంటే ఎక్కువ నీరొస్తే గట్టుకు ఎగువన నిలిచి పక్కలకు పరుచుకుంటుంది. ఇక రెండో ప్రింటు మీద మీ కాలనీ స్థానం పెట్టి, దగ్గర్లోని ఎర్ర గీతకీ నీలి గీతకీ దూరం కొలవండి. ఎర్ర గీతకు దగ్గరగా, సున్నాకు ఎగువగా ఉంటే అది పల్లం కిందే లెక్క.

తప్పులు ఎక్కువగా ఎక్కడ జరుగుతాయంటే, పాత షీటులో ఇళ్లు లేని చోటల్లా నీరు నిలిచే చోటు అనుకోవడంలో. చాలా కాలనీలు అప్పటికి లేవు, ఉన్నవి వరి పొలాలు. పొలాల్లో మెరక పొలాలూ ఉంటాయి. రెండోది, పాత దారే ఇవాళ్టి దారి అనుకోవడం. ఇవాళ్టి మ్యాపులో వెలగలేరు రెగ్యులేటరు, అక్కణ్నుంచి కృష్ణ వైపు పోయే డైవర్షన్ కాలువ కనిపిస్తాయి. మీ షీటులో అవి లేకపోతే ఆశ్చర్యపోకండి. పాత షీటు చెప్పేది ఏరు సహజంగా వెతుక్కునే దారి. దాని మీద తర్వాత ఎన్ని కట్టలు లేచాయో కొత్త మ్యాపు చెబుతుంది. రెండూ కలిపి చూడకుండా ఇంటి స్థలం కొనొద్దని మా సలహా.

ఇంటి పునాది ఎంత ఎత్తు లేపాలన్న ప్రశ్నకు మాత్రం ఈ పటం జవాబివ్వదు. దానికి లెవెల్ యంత్రంతో దగ్గర్లోని బెంచిమార్కు (ఎత్తు కొలిచి పెట్టిన సర్వే గుర్తు) నుంచి మట్టం తెచ్చుకోవాల్సిందే.

కొల్లేరు ‘+5 కాంటూరు’ పాత టోపోషీటులో ఎక్కడుందో గీసి పంపగలరా?
— కైకలూరు

గీసి పంపలేం, ఎందుకంటే అది ఆ షీటులో లేదు. అభయారణ్యం హద్దుగా 1999లో ప్రకటించిన +5 కాంటూరు సముద్ర మట్టానికి 5 అడుగుల ఎత్తు గీత. షీటులో మొదటి గీతే 50 అడుగులది. అక్కడక్కడా అంకెతో ఇచ్చిన ఎత్తులను పట్టుకుని మధ్యలో ఊహించి గీస్తే, ఇంత చదునైన నేలలో ఒక్క అడుగు తేడా గీతను కిలోమీటరు అవతలికి నెట్టేయగలదు. అలా గీసిన గీతతో చేపల చెరువు లోపలా బయటా అని వాదనకు దిగొద్దు. పాత షీటు చూపేది సర్వే జరిగిన రుతువులో నీళ్లు ఎక్కడిదాకా ఉన్నాయో, ఏ మురుగు ఎటు దిగి సరస్సులో పడేదో, ఉప్పుటేరు ఎలా బయటికి పోయేదో. సరస్సు పాత విస్తీర్ణం అర్థం చేసుకోవడానికి అది బాగా పనికొస్తుంది.

మా చేనుకీ పక్కవాళ్ల చేనుకీ గట్టు తగాదా. 1950ల టోపోషీటు కోర్టులో చూపిస్తే చెల్లుతుందా?
— నందిగామ

దానితో గట్టు తేలదు. షీటు మీద పావు మిల్లీమీటరు మందం గీత నేల మీద 16 మీటర్లు. మీ తగాదా ఆ గీత మందంలోనే మునిగిపోతుంది. పైగా టోపోషీటులో సర్వే నంబర్లుండవు. మీకు కావలసింది గ్రామ నక్ష, మీ సర్వే నంబరు ఎఫ్ఎంబీ (ఆ నంబరు కొలతలు చూపే పటం). వాటి నకళ్లకు తహసీల్దారు ఆఫీసులో అర్జీ పెట్టి, మండల సర్వేయరు చేత కొలిపించండి. ఫలానా చోట చెరువు గానీ, కాలువ గానీ, బాట గానీ ఉండేదని చూపడానికి టోపోషీటు తోడ్పడుతుంది, అంతవరకే.

పాత చెరువు విస్తీర్ణం షీటు మీద కొలవడం ఎలా?
— మైలవరం

అంగుళం షీటుకి ఒక మంచి సౌకర్యం ఉంది. ఒక చదరపు మిల్లీమీటరు దాదాపు ఒక ఎకరం (సరిగ్గా 0.99). పారదర్శకమైన గ్రాఫు కాగితం చెరువు మీద పరిచి గళ్లు లెక్కపెట్టండి. సగం కంటే ఎక్కువ లోపలుంటే లెక్కలోకి తీసుకోండి, తక్కువుంటే వదిలేయండి. కాగితాన్ని కొద్దిగా తిప్పి రెండోసారి లెక్కపెట్టి సగటు తీయండి. 317 గళ్లొస్తే సుమారు 315 ఎకరాలు. ఇవాళ్టి 1:50,000 షీటులో చదరపు మిల్లీమీటరు 0.62 ఎకరం. రెండింటినీ ఒకే లెక్కన కొలిచి ‘చెరువు పెరిగింది’ అని రాసిన ఉత్తరాలు మాకు వచ్చాయి.

జిరాక్సు, ప్రింటు మీద కొలిచేముందు అడుగునున్న స్కేలు పట్టీని కొలవండి. అంగుళం షీటులో మైలు గుర్తు 25.4 మిల్లీమీటర్లు ఉండాలి. ‘పేజీకి సరిపోయేలా’ అన్న ఆప్షనుతో ప్రింటు తీస్తే స్కేలు మారిపోతుంది. ఇంకో సంగతి, నీలం రంగు చూపేది సర్వే నాటి నీళ్లనే గానీ పూర్తి నిండుమట్టాన్ని కాదు. చెరువు హద్దుకి కట్ట గీతను కూడా చూసుకోవాలి. కట్ట పక్కన 8ఆర్ లాంటి అంకె ఉంటే అది చుట్టూ నేల నుంచి కట్ట ఎత్తు, సముద్ర మట్టం నుంచి కాదు. అడుగులా మీటర్లా అన్నది షీటు అంచులో చూడండి.

స్కాన్ చేసిన షీటును మ్యాపుల సాఫ్ట్‌వేర్ క్యూజీఐఎస్‌లో కూర్చోబెడితే రోడ్లూ కాలువలూ అన్నీ ఒకే వైపు రెండొందల మీటర్లు జరిగిపోతున్నాయి. ఎందుకు?
— హైదరాబాదు

అన్నీ ఒకే వైపు, ఒకే దూరం జరిగాయంటే మీరు పాయింట్లు సరిగ్గానే పెట్టారు, డేటమ్ (అక్షాంశ రేఖాంశాల లెక్కకు ఆధారంగా తీసుకునే భూమి నమూనా) తప్పుగా ఎంచుకున్నారు. పాత షీట్ల అక్షాంశ రేఖాంశాలు ఎవరెస్టు గోళాభం, కళ్యాణ్‌పూర్ డేటమ్ మీద లెక్కకట్టినవి. మీ ఫోనూ ఉపగ్రహ చిత్రమూ వాడేది డబ్ల్యూజీఎస్ 84. విజయవాడ దగ్గర ఈ రెంటికీ తేడా సుమారు 200 మీటర్లు.

ఇలా చేయండి. షీటును ఫోనుతో ఫొటో తీయకుండా 300 నుంచి 400 డీపీఐలో చదునుగా స్కాన్ చేయించండి. 400 డీపీఐలో ఒక చుక్క నేల మీద 4 మీటర్లు. జియోరిఫరెన్సర్ (స్కానును నేల మీది చోటుకి కుదిర్చే పనిముట్టు) తెరిచి నాలుగు మూలల్లో అచ్చువేసిన డిగ్రీలు, నిమిషాలు ఇవ్వండి. మధ్యలో 5 నిమిషాల గుర్తులు కలిసే చోట్లు ఉంటే అవీ ఇవ్వండి. నిర్దేశాంక పద్ధతి అడిగినచోట ఈపీఎస్‌జీ 4146 (కళ్యాణ్‌పూర్ డేటమ్ కోడు) పెట్టండి, 4326 (డబ్ల్యూజీఎస్ 84 కోడు) కాదు. పటాన్ని సర్దే పద్ధతిగా మొదటి డిగ్రీ పాలినోమియల్ చాలు. మడతలు పడి కాగితం సాగిన షీటైతే రెండో డిగ్రీ వాడొచ్చు, అప్పుడు పాయింట్లు పది దాటాలి. మూడో డిగ్రీ జోలికి పోకండి. అంచుల్లో పటం వంకర తిరుగుతుంది.

తర్వాత ఉపగ్రహ చిత్రం మీద పరిచేటప్పుడు సాఫ్ట్‌వేర్ ఏ మార్పిడి వాడాలో అడుగుతుంది. 295, 736, 257 అన్న మూడు సంఖ్యలున్న వరుస ఎంచుకోండి. ‘బాల్‌పార్క్’ అన్న వరుస ఎంచుకుంటే సవరణ అసలు జరగదు, మళ్లీ 200 మీటర్ల తేడాతోనే కూర్చుంటుంది. సరిపడిందో లేదో చూడడానికి కొండ శిఖరం, రైలు వంతెన కొస, కాలువలు చీలే చోటు వాడండి. నది ఒడ్డు, లంకల అంచులు వాడొద్దు, అవి ఏటేటా మారతాయి. చివరికి 20, 30 మీటర్ల తేడా మిగిలితే అది ఆ షీటుకి మామూలే. దాన్ని కూడా చెరిపేద్దామని పాయింట్లు పెంచుకుంటూ పోతే పటాన్ని పాడుచేసుకోవడమే.

గుడ్డ అంటించిన పాత షీటు మడతల దగ్గర చిరుగుతోంది. లామినేషన్ చేయించనా?
— తెనాలి

వద్దు. లామినేషన్ వేడికి కాగితం ప్లాస్టిక్కుతో ఒకటైపోతుంది, మళ్లీ విడదీయలేం. సెల్లో టేపు కూడా వద్దు, దాని జిగురు పసుపుపచ్చ మరకై కాగితంలోకి దిగుతుంది. ముందు స్కాన్ తీయించండి. చిరుగు వెనక వైపు పల్చటి జపాన్ టిష్యూ కాగితాన్ని పల్చగా కాచిన మైదా జిగురుతో అంటించి, మీద బ్లాటింగు కాగితం, చదునైన బరువు పెట్టి ఒక రోజు ఆరనివ్వండి. జిగురు చిక్కగా ఉంటే ఆరాక కాగితం ముడుచుకుంటుంది, పురుగూ పడుతుంది. మళ్లీ పాత మడతల్లోకి మడవకుండా చదునుగా పరచండి. వీలుకాకపోతే 10 సెంటీమీటర్లు వెడల్పున్న గొట్టానికి, బొమ్మ బయటికి వచ్చేలా చుట్టి, పైన ఉతికిన నూలుగుడ్డ కప్పండి.